పెన్సిల్వేనియా తొలి క్వేకర్ల వంశవృక్షం ఎలా వెతకాలి: పేరు కంటే ముందు మీటింగ్‌ని పట్టుకోండి

మా అల్లుడి వాళ్ళది పెన్సిల్వేనియా. మనవరాలికి బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నప్పుడు మా వైపు నాలుగు తరాలు చెప్పి ఆగిపోయాం. వాళ్ళ వైపు మాత్రం 1680ల దాకా కాగితం మీద రుజువుతో వెళ్ళొచ్చని తెలిసింది, ఎందుకంటే మా వియ్యపురాలి పూర్వీకులు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. అప్పటినుంచి ఇక్కడి మన తెలుగువాళ్ళు, కోడలో అల్లుడో ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఒకటే అడుగుతున్నారు: "ఎక్కడ మొదలుపెట్టాలండీ, ఇంటర్నెట్‌లో పేరు కొడితే వంద చెట్లు వస్తున్నాయి, ఏది నమ్మాలి?" అందుకే ఇది.

ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. పేరు పట్టుకుని వెతక్కండి, ఆ మనిషి ఏ మీటింగ్‌కి, అంటే క్వేకర్ల ఏ స్థానిక సంఘానికి, చెందినవాడో వెతకండి. ఎందుకో ముందుకు వెళ్తుంటే మీకే తెలుస్తుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1650లలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో మొదలైన శాఖ క్వేకర్లది. పూజారి ఉండేవాడు కాదు, బాప్తిస్మం ఉండేది కాదు, కోర్టులో ప్రమాణం చేసేవాళ్ళు కాదు, ఆయుధం పట్టేవాళ్ళు కాదు. ప్రార్థనంటే అందరూ కలిసి మౌనంగా కూర్చోవడం. ఎంత పెద్దవాడి ముందైనా టోపీ తీసేవాళ్ళు కాదు, ఎవరినైనా "నువ్వు" అనే పిలిచేవాళ్ళు, మీరు గారు లేవు. అప్పటి పాలకులకి ఇది పొగరుగా కనిపించింది, 1662 నుంచి వరసగా చట్టాలు చేసి వేలమందిని జైల్లో పెట్టారు. అమెరికాలో ముందు న్యూజెర్సీ వైపు సేలంకి 1675లో, బర్లింగ్టన్‌కి 1677లో వచ్చారు. 1681లో రాజు రెండో చార్లెస్ క్వేకర్ అయిన విలియం పెన్‌కి పెన్సిల్వేనియా పట్టా ఇచ్చాక వలస ఉప్పెనలా సాగింది. ఇంతకు మించి చరిత్ర ఈ పనికి అక్కర్లేదు.

ముందుగా ఇవి సిద్ధం చేసుకోండి

పెద్ద నోట్‌బుక్కు ఒకటి, లేదా కంప్యూటర్లో ఒక షీట్. ప్రతి విషయానికీ మూడు గళ్ళు ఉండాలి: ఏం దొరికింది, ఏ మీటింగ్ పుస్తకంలో ఏ పేజీలో దొరికింది, అసలు చూశానా నకలు చూశానా. మూడో గడి చాలామంది వదిలేస్తారు, తర్వాత చిక్కులన్నీ అక్కడే వస్తాయి.

ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఖాతా, ఇది ఉచితం. యాన్సెస్ట్రీ అనే ఇంకో వెబ్‌సైట్‌లో క్వేకర్ మీటింగ్ రికార్డుల ఫోటోలు పెద్ద ఎత్తున ఉన్నాయి, దానికి డబ్బు కట్టాలి. కానీ కట్టే ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి, చాలా లైబ్రరీల్లో అక్కడి కంప్యూటర్ మీద ఊరికే చూసుకోవచ్చు.

పెన్సిల్వేనియా కౌంటీల పాత మ్యాపు కూడా కావాలి. 1682లో ఉన్నవి మూడే: ఫిలడెల్ఫియా, చెస్టర్, బక్స్. 1729లో చెస్టర్ నుంచి లాంకాస్టర్ విడిపోయింది, 1752లో బర్క్స్ వచ్చింది, 1784లో ఫిలడెల్ఫియా నుంచి మాంట్‌గోమరీ, 1789లో చెస్టర్ నుంచి డెలావేర్ కౌంటీ. మన జిల్లాలు విడగొట్టినట్టే అనుకోండి. ఇప్పుడున్న కౌంటీ ఆఫీసులో పాత కాగితం ఉండదు, అప్పటి తల్లి కౌంటీలో ఉంటుంది.

ఇక ఓపిక. ఒక తరానికి ఒక నెల పట్టినా తొందరపడొద్దు.

1. ఇంట్లోంచి మొదలుపెట్టి వెనక్కి నడవండి

1682 నుంచి ముందుకు రావాలని అందరికీ ఉబలాటం. అలా చెయ్యొద్దు. ఓడ దిగిన ఒక మనిషికి మూడు వందల ఏళ్ళలో వేలమంది వారసులుంటారు, అదే పేరుతో ఇంకో పదిమంది ఉంటారు, మీరు పట్టుకున్నది వేరేవాళ్ళ తాతని కావచ్చు. అమ్మమ్మ, ఆవిడ నాన్న, ఆయన నాన్న, ఇలా ఒక్కో మెట్టూ దిగండి. ఇంట్లో ఉన్న బైబిల్ మొదటి పేజీలు, పాత పెళ్ళి కాగితాలు, ఉత్తరాలు అడగండి. వెనక్కి 1850 దాకా జనాభా లెక్కలు సాయపడతాయి, ఆ ఏడాది నుంచే ఇంట్లో అందరి పేర్లూ రాశారు. అంతకుముందు ఇంటిపెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు అంకెలు. సరిగ్గా అక్కడే క్వేకర్ రికార్డు మీ చెయ్యి అందుకుంటుంది.

వియ్యపురాలినో మామగారినో అడిగేటప్పుడు "మీరు క్వేకర్లా?" అని అడక్కండి. వాళ్ళ ముత్తాత కాలానికే మెథడిస్టులో ఇంకొకరో అయిపోయి ఉండొచ్చు, "కాదు" అనేస్తారు. "మీవాళ్ళు ఏ ఊళ్ళో పాతుకున్నారు, ఆ పక్కన మీటింగ్‌హౌస్ ఉందా" అని అడగండి.

2. ఏ మంత్లీ మీటింగో తేల్చుకోండి

మీటింగ్ అంటే ఇక్కడ గుడి, సంఘం, రికార్డు ఆఫీసు అన్నీ కలిపిన మాట. వారం వారం కూర్చునేది ఒకటి, నెలకోసారి కలిసి వ్యవహారాలు చూసేది మంత్లీ మీటింగ్, దాని పైన క్వార్టర్లీ, ఆ పైన ఇయర్లీ మీటింగ్. మీకు కావలసింది మంత్లీ మీటింగ్. పుట్టుకలు, మరణాలు, పెళ్ళిళ్ళు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరిని తొలగించారు, అన్నీ దాని పుస్తకాల్లోనే ఉంటాయి.

ఒక మంత్లీ మీటింగ్ కింద రెండు మూడు ఊళ్ళ మీటింగులు ఉంటాయి కాబట్టి ఇంటి పక్కన ఉన్న మీటింగ్‌హౌస్ పేరుతోనే పుస్తకం ఉంటుందని అనుకోకండి. మెరియన్, హావర్‌ఫర్డ్, రాడ్నర్ మూడూ వేరు వేరు చోట్ల కూర్చునేవి, వ్యవహారాలు మాత్రం కలిసి చేసుకునేవి. జనం పెరిగేకొద్దీ కొత్త మంత్లీ మీటింగ్ విడిపోతుంది, అప్పుడు ఒకే ఇంట్లో ఉన్న మనిషి కాలు కదపకుండానే వేరే పుస్తకంలోకి మారిపోతాడు. "1730 తర్వాత కనపడటం లేదు, చనిపోయాడేమో" అనుకునే ముందు ఆ మీటింగ్ ఆ ప్రాంతంలో విడిపోయిందేమో చూడండి.

3. పుస్తకాలు ఎక్కడున్నాయి

ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగ్ కింది రికార్డులు రెండు చోట్ల ఉన్నాయి: స్వార్త్‌మోర్ కాలేజీలోని ఫ్రెండ్స్ హిస్టారికల్ లైబ్రరీ, హావర్‌ఫర్డ్ కాలేజీలోని క్వేకర్ కలెక్షన్స్. రెండు ఎందుకంటే 1827లో ఈ సంఘం హిక్సైట్లు, ఆర్థడాక్సులు అని రెండుగా చీలింది, ఫిలడెల్ఫియాలో 1955లో గానీ మళ్ళీ కలవలేదు. కాబట్టి 1827 తర్వాత ఒకే పేరుతో రెండు మీటింగులు ఉంటాయి, రెండూ చూడాలి. ఒక వర్గం పుస్తకంలో మీ మనిషిని "తొలగించాం" అని రాసి ఉంటే కంగారు పడొద్దు, చాలాసార్లు దాని అర్థం రెండో వర్గంలోకి వెళ్ళాడని మాత్రమే.

నార్త్ కరోలైనా వైపు వెళ్ళినవాళ్ళకి గ్రీన్స్‌బరోలోని గిల్‌ఫర్డ్ కాలేజీ. వెళ్ళే ముందు మెయిల్ పెట్టండి, ఏ మీటింగ్, ఏ ఏళ్ళు అన్నది రాసి. "ఫలానా ఇంటిపేరు గురించి అంతా కావాలి" అని రాస్తే ఎవరూ సాయం చెయ్యలేరు.

హిన్షా సంకలనం పేరు మీకు తప్పకుండా తగులుతుంది. విలియం వేడ్ హిన్షా 1936 నుంచి అచ్చువేయించిన ఆరు సంపుటాలు, మీటింగ్ పుస్తకాల నుంచి ఎత్తి రాసిన చిన్న చిన్న ముక్కలు. బంగారం లాంటి పని, కానీ అది సారాంశం, అసలు కాదు. ఇంకోటి, పెన్సిల్వేనియా, న్యూజెర్సీకి సంబంధించిన రెండో సంపుటంలో ఉన్నవి సేలం, బర్లింగ్టన్, ఫిలడెల్ఫియా, ఫాల్స్ మంత్లీ మీటింగులు మాత్రమే. చెస్టర్ కౌంటీ మీటింగులు అందులో లేవు. అందులో పేరు లేదని "క్వేకర్ కాదు" అనేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

4. తేదీలు: ఇక్కడ ఆగి, నెమ్మదిగా చదవండి

నా దగ్గరికి వచ్చే చెట్లలో సగానికి పైగా తప్పులు ఇక్కడివే.

క్వేకర్లు నెలల పేర్లు, వారాల పేర్లు వాడేవాళ్ళు కాదు, అవి అన్యదేవతల పేర్లని. ఆదివారం వాళ్ళకి మొదటి రోజు, నెలలకి అంకెలు. ఇంతవరకు తేలికే. చిక్కేమిటంటే 1752కి ముందు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ ఏడాది మొదలయ్యేది జనవరి 1న కాదు, మార్చి 25న. మనకి ఉగాదితో ఏడాది మారినట్టే అనుకోండి. కాబట్టి వాళ్ళ మొదటి నెల మార్చి. రెండో నెల ఏప్రిల్. పదకొండో నెల జనవరి, పన్నెండో నెల ఫిబ్రవరి.

గుర్తుపెట్టుకోవడం మనకి చాలా సులువు. సప్త, అష్ట, నవ, దశ: సెప్టెంబర్ ఏడు, అక్టోబర్ ఎనిమిది, నవంబర్ తొమ్మిది, డిసెంబర్ పది. ఆ పేర్లలోనే అంకె ఉంది. పాత రాతలో "7బర్" అని ఉంటే అది సెప్టెంబరే, జులై కాదు.

ఒక ఉదాహరణ. డేనియల్ బూన్ పేరు వినే ఉంటారు, కెంటకీ అడవుల్లో దారి వేసినవాడు, పుట్టింది పెన్సిల్వేనియా క్వేకర్ ఇంట్లో. ఆయన పుట్టినరోజు పాత లెక్కలో 1734 అక్టోబర్ 22. క్వేకర్ రాతలో అది 8వ నెల 22. తెలియనివాళ్ళు చూస్తే ఆగస్టు 22 అని రాసేస్తారు. కొన్ని చోట్ల నవంబర్ 2 అని కనిపిస్తుంది, అదీ తప్పు కాదు, 1752లో క్యాలెండర్ మార్చినప్పుడు 11 రోజులు కలిపి లెక్కేసినది. ఆ ఏడాది సెప్టెంబర్ 2 తర్వాత రోజు సెప్టెంబర్ 14. అదే ఏడాది నుంచి జనవరి మొదటి నెల అయింది.

ఇప్పుడు అందరూ పడే గొయ్యి. నెల మారుస్తారు, ఏడాది మార్చరు. పెళ్ళి 1690 మూడో నెల, అంటే మే. బిడ్డ 1690 పన్నెండో నెల. దాన్ని "1690 ఫిబ్రవరి" అని రాసేస్తే బిడ్డ పెళ్ళికి మూడు నెలల ముందే పుట్టినట్టవుతుంది, ఇక ఆ తల్లి మీద ఎవరో ఒక కథ కట్టేస్తారు. నిజానికి అది మన లెక్కలో 1691 ఫిబ్రవరి, పెళ్ళయిన తొమ్మిది నెలలకి. చక్కగా "ఫిబ్రవరి 1690/91" అని రెండు ఏళ్ళూ రాయండి.

మార్చి 1 నుంచి 24 దాకా ఉన్న తేదీలు మరీ జాగ్రత్త, అవి ఏ ఏటివో ఒక్క తేదీ చూసి చెప్పలేం. పుస్తకంలో దాని పైన ఉన్న పద్దు, కింద ఉన్న పద్దు చూడండి, వరస బట్టి తెలిసిపోతుంది.

నా సలహా: మొదటి గడిలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాయండి, "8వ నెల 22, 1734" అని. పక్కన బ్రాకెట్లో నెల పేరు. రోజులు కలపడం తీసెయ్యడం అసలు చెయ్యొద్దు, ఎందుకంటే మీ తర్వాత చూసేవాళ్ళు మళ్ళీ కలుపుతారు.

5. పెళ్ళి సర్టిఫికెట్ దొరికితే పండగే

వంశవృక్షానికి ఇంతకు మించిన కాగితం నేను చూడలేదు. పూజారి లేని పెళ్ళి కాబట్టి సాక్ష్యం గట్టిగా ఉండాలని వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అబ్బాయి, అమ్మాయి వరసగా రెండు మంత్లీ మీటింగుల్లో నిలబడి పెళ్ళి చేసుకుంటామని చెప్పాలి. వేరే ఎవరికైనా మాట ఇచ్చారా, పెద్దల అంగీకారం ఉందా అని కనుక్కోవడానికి ఇద్దరిని పంపిస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే అందరి మధ్యా ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు, ఆ తర్వాత అక్కడున్న పెద్దలు, తరచు పిల్లలు కూడా, సర్టిఫికెట్ మీద సంతకం పెడతారు. దాన్ని మీటింగ్ పుస్తకంలోకి ఎక్కిస్తారు.

అందులో సాధారణంగా ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, ఊరు, చాలాసార్లు వృత్తి కూడా ఉంటాయి. పెళ్ళికూతురి పుట్టింటిపేరు ఉంటుంది, వేరే చోట ఎంత వెతికినా దొరకనిది అదే. కింద సంతకాల్లో దగ్గర బంధువులు సాధారణంగా కుడివైపు వరసలో, పెళ్ళివాళ్ళ పేర్ల కింద ఉంటారు. ఆ వరస మొత్తం రాసుకోండి, ఒక్క పేరు కూడా వదలకుండా. ఇవాళ ఎవరో తెలియని ఆవిడ పేరు ఆర్నెల్ల తర్వాత పెద్దమ్మ అని తేలుతుంది.

ఇక్కడ జరిగే తప్పు: మొదటిసారి మీటింగ్‌లో చెప్పుకున్న తేదీని పెళ్ళి తేదీగా రాసెయ్యడం. రెండోసారి చెప్పిన తేదీ కూడా పెళ్ళి కాదు. సర్టిఫికెట్ దొరక్కపోతే తర్వాతి నెల మీటింగ్ రాతల్లో (మినిట్స్) "పెళ్ళి సక్రమంగా జరిగింది" అని ఇద్దరు చెప్పినట్టు ఉంటుంది, అది చూసి "ఈ రెండు తేదీల మధ్య" అని రాయండి. అంతకు మించి రాయొద్దు.

6. మినిట్స్ చదవండి, ముఖ్యంగా ఆడవాళ్ళ మీటింగ్‌వి

మినిట్స్ అంటే ప్రతి నెలా జరిగినదాని రాత. మగవాళ్ళవి వేరు, ఆడవాళ్ళవి వేరు. ఆడవాళ్ళవి ఎవరూ తెరవరు, కానీ అమ్మాయిల పెళ్ళిళ్ళు, ఇల్లు మారడాలు, వితంతువుల కష్టసుఖాలు అక్కడే ఉన్నాయి. దయచేసి చూడండి. మా వియ్యపురాలి ఏడో తరం అమ్మమ్మ పేరు మాకు దొరికింది అక్కడే.

హిన్షా లాంటి సారాంశాల్లో పొట్టి అక్షరాలు ఉంటాయి. జి.సి.టి. అంటే ఫలానా మీటింగ్‌కి వెళ్ళడానికి సర్టిఫికెట్ ఇచ్చారని. ఆర్.ఓ.సి.ఎఫ్. అంటే ఫలానా మీటింగ్ నుంచి సర్టిఫికెట్‌తో వచ్చాడని. ఎం.ఓ.యు., ఎం.సి.డి. రెండూ సంఘం నియమం తప్పి చేసుకున్న పెళ్ళికి. డిస్ అంటే తొలగింపు. "జెఎన్ఓ" అని ఉంటే జోనథన్ కాదు, జాన్. రాతలో "ఫ్రెండ్స్" అని కనిపిస్తే స్నేహితులని కాదు, సంఘం సభ్యులని అర్థం.

తొలగించారని చూసి బాధపడకండి, అది వెతికేవాళ్ళకి వరం. బూన్ ఇంటి సంగతే చూడండి. తాత జార్జ్ బూన్ 1717లో ఇంగ్లండులోని డెవన్ నుంచి వచ్చాడు. అంతకుముందే వచ్చిన కొడుకు స్క్వైర్ 1720లో సారా మోర్గన్‌ని చేసుకున్నాడు. 1742లో స్క్వైర్ కూతురు బయటివాణ్ణి చేసుకుంటే తండ్రి మీటింగ్‌లో తప్పు ఒప్పుకున్నాడు. 1747లో కొడుకు కూడా బయటి పిల్లని చేసుకుంటే ఈసారి ఒప్పుకోనన్నాడు, తొలగించారు. 1750లో కుటుంబం నార్త్ కరోలైనా వైపు కదిలింది. ఒక తండ్రి మనసు ఎలా మారిందో ఇంత స్పష్టంగా మనకి తెలుస్తోందంటే మీటింగ్ రాతల వల్లే. మీ ఇంటి కథ కూడా అలాగే ఏదో ఒక పేజీలో ఉండొచ్చు.

తొలగించినా ఆదివారం వచ్చి కూర్చోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, వ్యవహారాల్లో మాటే ఉండదు. తప్పు రాసి ఇస్తే మళ్ళీ చేర్చుకుంటారు. కాబట్టి తొలగింపు దగ్గర పుస్తకం మూసెయ్యకండి, ఇంకో పదేళ్ళు ముందుకు తిప్పండి.

7. రిమూవల్ సర్టిఫికెట్లతో దారి గీయండి

ఒక ఊరు వదిలి ఇంకో ఊరు వెళ్ళాలంటే పాత మీటింగ్ నుంచి కాగితం తీసుకెళ్ళాలి: ఈ మనిషి నడవడి మంచిది, అప్పులు లేవు, పెళ్ళి విషయంలో స్వేచ్ఛగా ఉన్నాడు అని. ఇచ్చిన చోటా రాస్తారు, తీసుకున్న చోటా రాస్తారు. రెండూ దొరికితే గొలుసు గట్టిది. పెన్సిల్వేనియా నుంచి వర్జీనియాలో హోప్‌వెల్, అక్కడి నుంచి నార్త్ కరోలైనాలో కేన్ క్రీక్, న్యూ గార్డెన్, మళ్ళీ 1800 తర్వాత బానిసత్వం ఉన్న నేల మీద ఉండలేక ఒహాయో, ఇండియానా: చాలా కుటుంబాలు నడిచిన దారి ఇదే.

ఇంగ్లండు నుంచి తెచ్చిన సర్టిఫికెట్ మీద తేదీ ఓడ ఎక్కిన తేదీ కాదు, ఇక్కడ చదివిన తేదీ ఓడ దిగిన తేదీ కాదు. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉంటాయి.

8. వీలునామాలు, భూమి కాగితాలు

వీలునామాలు కౌంటీ ఆఫీసులో ఉంటాయి. చెస్టర్ కౌంటీ ఆర్కైవ్స్ వెస్ట్ చెస్టర్‌లో, న్యూజెర్సీవి ట్రెంటన్‌లో, పెన్సిల్వేనియా భూమి కాగితాలు హారిస్‌బర్గ్‌లోని స్టేట్ ఆర్కైవ్స్‌లో. భూమి విషయంలో ఒక హెచ్చరిక: పెన్ దగ్గర మొదట భూమి కొన్న "ఫస్ట్ పర్చేజర్స్" జాబితాలో పేరు ఉందని మీ మనిషి వచ్చినట్టు కాదు. 5,000 ఎకరాలు వంద పౌండ్లకి అమ్మారు, ఇంగ్లండులోనే ఉండి కొన్నవాళ్ళు చాలామంది.

వీలునామాలో వరసలు చూసి మనం మోసపోతాం. మనకి మేనల్లుడు, మరిది కొడుకు, పినతండ్రి కొడుకు అన్నీ వేరు వేరు మాటలు. అప్పటి ఇంగ్లీషులో "కజిన్" అంటే మేనల్లుడు కూడా కావచ్చు, "సన్ ఇన్ లా" అంటే అల్లుడు కాకుండా భార్య మొదటి పెళ్ళి కొడుకు కావచ్చు. ఇంకో కాగితం వచ్చేదాకా అది ఏ వరసో రాయకండి, వీలునామాలో ఉన్న మాటే రాసి ఉంచండి.

ఆస్తి జాబితాలో మనుషుల పేర్లు కనిపించొచ్చు, ఆవుల పక్కన, గుర్రాల పక్కన. తొలి క్వేకర్లలో బానిసల్ని ఉంచుకున్నవాళ్ళు ఉన్నారు. 1688లోనే జర్మన్‌టౌన్‌లో నలుగురు దీన్ని తప్పని రాసిచ్చారు, కానీ ఫిలడెల్ఫియా ఇయర్లీ మీటింగ్ బానిసల్ని ఉంచుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది 1776లో. అలాంటి పేజీ దొరికితే దాచకండి. ఆ పేర్లు కూడా రాయండి, ఏ పుస్తకం ఏ పేజీ అన్నదీ రాయండి, వాళ్ళ వారసులు వెతుక్కునేటప్పుడు అదొక్కటే ఆధారం కావచ్చు. విడుదల పత్రాలు కూడా మీటింగ్ రికార్డుల్లో ఉన్నాయి, అడగండి. ఆ భూమి అంతకుముందు అక్కడి ఆదివాసులైన లెనాపే ప్రజలదని కూడా మా మనవరాలి చెట్టు కింద ఒక వాక్యం రాశాను.

9. సముద్రం దాటడం

అమెరికా వైపు ప్రతి మెట్టూ గట్టిపడ్డాకే ఇది. ఇంగ్లండు, వేల్స్ క్వేకర్ల పాత రిజిస్టర్లు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్.జి. 6 అనే శ్రేణిలో ఉన్నాయి, దాదాపు 1837 దాకా. ఐర్లండు వాళ్ళకి డబ్లిన్‌లో ఫ్రెండ్స్ లైబ్రరీ ఉంది. జైలుకి వెళ్ళినవాళ్ళ, జరిమానా కట్టినవాళ్ళ పేర్లు కౌంటీల వారీగా జోసెఫ్ బెస్సీ 1753లో అచ్చువేశాడు. ఊరు తేల్చుకోవడానికి అది పనికొస్తుంది.

వేల్స్ నుంచి వచ్చినవాళ్ళయితే ఇంటిపేరు కోసం వెతికి అలిసిపోకండి. వాళ్ళకి స్థిరమైన ఇంటిపేరే లేదు, తండ్రి పేరు వెనక తగిలించుకునేవాళ్ళు, "ఆప్" అంటే కొడుకు. ఆప్ రీస్ కాస్తా ప్రైస్ అయింది, ఆప్ హ్యూ పగ్ అయింది, ఆప్ హవెల్ పవెల్, ఆబ్ ఎవన్ ("ఆప్"కే ఇంకో రూపం) బెవన్. అన్నదమ్ములిద్దరికి రెండు ఇంటిపేర్లు ఉన్నా ఆశ్చర్యపోవద్దు. గోత్రంలా ఒకే పేరు కిందకి దిగుతుందని మనం అనుకుంటాం, అక్కడ అలా ఉండదు.

తరచుగా చేసే తప్పులు, నేను చేసింది కూడా

"మావాళ్ళు పెన్‌తో పాటు వెల్‌కమ్ ఓడలో వచ్చారు" అని దాదాపు ప్రతి ఇంట్లో చెబుతారు. మా వియ్యపురాలూ చెప్పారు, నేను చెట్టులో రాసి, మంచి కాగితం మీద అచ్చువేయించి ఆవిడకి ఇచ్చాను. తర్వాత తెలిసింది, ఆ ఓడ ప్రయాణికుల అసలు జాబితా మిగల్లేదని. ఉన్నవన్నీ వీలునామాలు, సాక్షి సంతకాలు చూసి తర్వాతి కాలంలో కూర్చినవి, ఒకదానితో ఒకటి పొసగవు. 1682లో ఆ ఓడలో బయల్దేరినవాళ్ళు సుమారు వందమంది, దారిలో మశూచితో ముప్ఫై మంది దాకా పోయారు. ఆ ఏడాది, తర్వాతి ఏడాది చాలా ఓడలు వచ్చాయి, మీవాళ్ళు వాటిలో ఎందులోనైనా వచ్చి ఉండొచ్చు. నేను వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పి, మళ్ళీ అచ్చువేయించాను. ఆవిడకి మొదట కష్టమనిపించింది, కానీ 1686 నాటి ఒక సంతకం ఫోటో చూపించాక కళ్ళు తుడుచుకున్నారు.

సమాధి ఫోటోల కోసం తిరగడం ఇంకో తప్పు. తొలి క్వేకర్లు రాళ్ళు పెట్టుకునేవాళ్ళు కాదు, అందరూ సమానమని. 1700 నాటి మనిషికి పేరు చెక్కిన చక్కటి రాయి కనిపిస్తే అది తర్వాత వారసులు పెట్టినది, దాని మీద తేదీని సాక్ష్యంగా తీసుకోకండి. బాప్తిస్మం తేదీ ఇచ్చిన చెట్టు చూస్తే కూడా ఆగండి. క్వేకర్లకి బాప్తిస్మం లేదు, కాబట్టి ఆ మనిషి వేరే మనిషి అయినా అయ్యుండాలి, లేదా తల్లిదండ్రులు అప్పటికింకా క్వేకర్లు అయి ఉండకూడదు.

ఇంకొకరి ఆన్‌లైన్ చెట్టుని ఒక్క నొక్కుతో మీ చెట్టుకి అతికించకండి. పది చెట్లలో ఒకే మాట ఉంటే పది సాక్ష్యాలు కాదు, ఒకరి దగ్గర తొమ్మిదిమంది ఎత్తి రాసుకున్నారు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ప్రతి తల్లికీ ప్రతి బిడ్డకీ మధ్య వయసు లెక్కేయండి. పదిహేనుకి తక్కువ, యాభైకి ఎక్కువ వస్తే ఎక్కడో ఇద్దరు మనుషుల్ని కలిపేశారు. ఇద్దరు అన్నదమ్ముల మధ్య తొమ్మిది నెలలైనా లేకపోతే సంవత్సరం మార్చడం మర్చిపోయి ఉంటారు.

ప్రతి తండ్రీకొడుకు బంధానికీ రెండు వేరు వేరు కాగితాలు ఉన్నాయా చూడండి, ఒకటి మీటింగ్‌ది, ఒకటి కౌంటీది అయితే మరీ మంచిది. రెండూ ఒకే సారాంశం నుంచి వచ్చినవైతే అది ఒకటే.

అదే పేరు, అదే ఊరు, అదే కాలంలో ఇంకో మనిషి ఉన్నాడా అని మీరే ఎదురు వాదించండి. వెల్ష్ ఊళ్ళలో జాన్ జోన్స్‌లు మన వెంకటేశ్వరరావుల్లా ఉంటారు. భార్య పేరు, సాక్షి సంతకాలు, పొలం సరిహద్దులో పేర్లు, ఈ మూడూ కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి.

కలవకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. పెన్సిల్‌తో దాని పక్కన ఏ మంత్లీ మీటింగ్ మినిట్స్ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చూశారో, మగవాళ్ళవా ఆడవాళ్ళవా అన్నదీ రాసి పెట్టండి, రేపు మీ మనవరాలు కూర్చుంటే ఆ తర్వాతి పేజీ నుంచి మొదలుపెడుతుంది.